ఇద్దరబ్బాయిల జపాన్ కాలేజీ లవ్ కామెడీ: మొదటిసారి చూసేవాళ్లకి

విజయనగరం నుంచి రోజూ విశాఖ వెళ్లి చదువుకునేవాళ్లకి ఇద్దరబ్బాయిలు ఒకరినొకరు ప్రేమించుకునే ఈ జపాన్ సిరీస్‌లు సరిగ్గా సరిపోతాయి. సాధారణంగా 8 నుంచి 12 ఎపిసోడ్లే, జపాన్ టీవీలో ఎక్కువగా అర్ధరాత్రి అరగంట స్లాట్లలో వేస్తారు కాబట్టి ఒక్కోటి దాదాపు 25 నిమిషాలు, అంటే ప్యాసింజర్ దిగేలోపు రెండు అయిపోతాయి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే పక్క సీటు పెద్దాయన "ఏటి బాబూ సూస్తన్నావు" అంటే కథంతా చెప్పాల్సొస్తుంది.

డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్‌తో చూడండి, హీరో గొణుగుళ్లలోనే సగం కామెడీ ఉంటుంది. ముఖ్యంగా, మన సినిమాల్లోలా ఒక్క పాటతో ప్రేమ తేలిపోదు. ఒకడు ఎదురుగా నిలబడి ఇష్టమని నోటితో చెప్పి, రెండోవాడు సరేనంటేనే జంట అయినట్టు లెక్క. అందుకే ఐదో ఎపిసోడ్ దాకా ఒకే గదిలో నూడుల్స్ తింటున్నా ఏమీ తేలకపోతే విసుక్కోకండి, ఆ నాన్చుడే అసలు సరదా.

కథలో రుతువులు గమనించండి. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, చెర్రీ పూలు కనిపిస్తే కొత్త పరిచయం ఖాయం. వేసవి బాణసంచా పండగలో, సిరిమాను జాతర జనంలో తప్పిపోకుండా పట్టుకున్నట్టు, చెయ్యి పట్టుకోడానికి సాకు దొరుకుతుంది. 2022 నుంచి 18కే మేజర్లయినా మందుకి 20 నిండాలి, ఫస్టియర్ కుర్రాడి చేతిలో జ్యూసే ఉంటుంది.

ఎవరో పంపిన లింకుల్లో మాత్రం చూడకండి, సబ్‌టైటిల్స్ వెనకబడి, ముద్దు అయిపోయాక "ఆగు" అని వస్తుంది.