విశాఖలో ఉంటూ రాఫ్టింగ్ జట్టును పోటీకి సిద్ధం చేయడం ఎలా?

విశాఖలో సముద్రం ఉంది, చుట్టూ రిజర్వాయర్లు ఉన్నాయి, ఈత వచ్చిన కుర్రాళ్ళు పేటపేటకీ ఉన్నారు. రాఫ్టింగ్ అంటే గాలి నింపిన పడవను (రాఫ్ట్) తెడ్లతో ఉరవడిలో నడపడం. అందుకు ఇక్కడ లేనిదల్లా రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దూకే ఏరు. అందుకే ఇక్కడ జట్టు కట్టాలనుకున్నవాళ్ళు ముందు చందాలు పోగేసి, ఎలాగోలా గంగ మీద రాఫ్టింగ్ జరిగే ఋషికేశ్ చేరుకుని, మిగతాది అక్కడ చూసుకుందాం అనుకుంటారు. ఆ వరస తిరగెయ్యాలి. నది మీద గడిపే ప్రతి రోజుకీ డబ్బు ఖర్చవుతుంది. ఉచితంగా ఇక్కడే నేర్చుకోగలిగింది అక్కడ డబ్బులిచ్చి నేర్చుకోకూడదు. శిక్షణకైనా చందాలకైనా ఇదే సూత్రం.

మొదటి పని: మార్కులు ఎక్కడున్నాయో చూడండి

అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీలో నాలుగు విభాగాలు ఉంటాయి, మొత్తం 1000 పాయింట్లు. తక్కువ దూరం వేగంగా దాటే స్ప్రింట్‌కి 100, రెండు రాఫ్ట్‌లు పక్కపక్కనే పోటీపడే హెడ్ టు హెడ్‌కి 200, స్లాలమ్‌కి 300, డౌన్‌రివర్‌కి 400. చూడ్డానికి ఉత్సాహంగా ఉండేవి మొదటి రెండూ. పాయింట్లు మాత్రం చివరి రెండింటిలో ఉన్నాయి.

డౌన్‌రివర్ అంటే సుదీర్ఘమైన పందెం. ఊపిరి, ఓపిక, అందరి తెడ్లూ ఒకేసారి పడటం, వీటి మీదే గెలుపు. వీటికి పారే ఏరు అక్కర్లేదు, కదలని నీళ్ళు చాలు. స్లాలమ్‌లో వేలాడే గేట్ల మధ్య నుంచి వెళ్ళాలి. ఆకుపచ్చ గేటులో ప్రవాహం దిశగా, ఎర్ర గేటులో ప్రవాహానికి ఎదురుగా. గేటు కర్రకి తగిలితే 5 సెకన్లు, గేటు తప్పితే 50 సెకన్లు జట్టు సమయానికి కలుపుతారు. ఎదురు గేటు దగ్గర ప్రవాహం ఎలా పట్టుకుంటుందో నది మీదే తెలుస్తుంది, కానీ రాఫ్ట్‌ను చటుక్కున తిప్పడం మాత్రం రిజర్వాయర్‌లో గేట్లకి గుర్తుగా నాలుగు తేలే డబ్బాలు కట్టుకుని కూడా నేర్చుకోవచ్చు.

జట్లు నలుగురివీ ఉంటాయి, ఆరుగురివీ ఉంటాయి. కొత్తవాళ్ళు నలుగురి జట్టుతో మొదలుపెట్టడం మేలు. టిక్కెట్లు తగ్గుతాయి, చిన్న రాఫ్ట్ సరిపోతుంది. మహిళలకు విడిగా పోటీలు ఉంటాయి. వయసును బట్టి 19 లోపు, 23 లోపు, ఓపెన్, మాస్టర్స్ అనే వర్గాలు కూడా ఉన్నాయి. కాలేజీ పిల్లలతో జట్టు కడితే ఏ వర్గంలోకి వస్తారో ముందే చూసుకోండి.

రెండో పని: మనుషులు

జిమ్ములో కండలు చూసి ఎంచుకోవద్దు. మొదటి పరీక్ష ఈత, అదీ లైఫ్ జాకెట్ వేసుకుని, బట్టలతో. రెండోది చెప్పిన మాట వినడం. రాఫ్ట్ వెనక కూర్చుని దిశ చూసే కెప్టెన్ ‘ఆపు’ అన్నప్పుడు తెడ్డు ఆగాలి, ఎందుకని అడగడం ఒడ్డుకొచ్చాకే. జాలరిపేట కుర్రాళ్ళు ఒకరిద్దరు ఉంటే అదృష్టమే. అల ఎక్కడ విరుగుతుందో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కుడి, ఎడమల బరువు సరిపోయేలా చూసుకుని, ఒకరిని అదనంగా పెట్టుకోండి. పరీక్షలు, పెళ్ళిళ్ళు మనకి ఎప్పుడూ ఉండేవే.

ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడండి. నది, పడవ అనగానే పెద్దవాళ్ళకి 2019 సెప్టెంబరులో గోదావరి మీద జరిగిన కచ్చులూరు పడవ ప్రమాదం గుర్తొస్తుంది. అది న్యాయమైన భయమే. ‘ఏమీ కాదమ్మా’ అంటే పోదు. లైఫ్ జాకెట్, హెల్మెట్, రక్షణ తాడు చూపించి, ఎవరు ఎక్కడ నిలబడి కాపాడతారో చెబితే కొంతైనా తగ్గుతుంది.

మూడో పని: ఊళ్ళోనే సాధన

బీచ్ రోడ్డులో పరుగు, సింహాచలం మెట్లు మంచివే. ఊపిరి పెరుగుతుంది. కానీ చాలామంది అక్కడితో ఆగిపోతారు. తెడ్డు వేసేది కాళ్ళతో కాదుగా! వీపు, నడుము, భుజం వెనక భాగం పని చెయ్యాలి. పుల్‌అప్స్, వంగి బరువు లాగడం, నడుము తిప్పే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలి.

తెడ్డు పట్టులో కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది: చేతులతో లాగడం. సరైన పద్ధతి ఇది. పై చేయి తెడ్డు తలమీది అడ్డపిడిని పట్టుకుని ఉండాలి (ఆ పిడి వదిలేస్తే పక్కవాడి పళ్ళు రాలతాయి). నడుము తిప్పుతూ ముందుకు చాచి, తెడ్డును నిలువుగా, రెక్క పూర్తిగా మునిగేలా దించాలి. లాగేది మొండెం. తెడ్డు మీ తుంటి దాకా రాగానే బయటికి తీసెయ్యాలి. అక్కణ్ణించి ఇంకా వెనక్కి లాగితే నీళ్ళు పైకి ఎగరడం తప్ప రాఫ్ట్ కదలదు. పాదాలు రాఫ్ట్‌లోని అడ్డగొట్టాల కింద బిగించుకోకపోతే ఆ బలమంతా మిమ్మల్నే ముందుకు తోస్తుంది.

లయ చూసుకునేది ముందు కూర్చున్న ఇద్దరు. వెనకవాళ్ళు నీళ్ళను కాదు, ముందువాళ్ళ భుజాలను చూడాలి. రోజూ కాసేపు కెప్టెన్ నోరు మెదపకుండా తెడ్లు వేయించండి. మాట లేకుండా తెడ్లన్నీ ఒకే చప్పుడుతో పడితే జట్టు నదికి సిద్ధమవుతున్నట్టు.

ఇక నీళ్ళు ఎక్కడ? బోల్తా పడ్డ రాఫ్ట్‌ను తాడు పట్టి తిరగెయ్యడం, నీళ్ళలోంచి పైకి ఎక్కడం ఈత కొలనులో నేర్చుకోవాలి. కొలను వాళ్ళని ముందే అడిగి, జనం లేని వేళ తీసుకోండి. తెడ్డు సాధనకి తాటిపూడి లాంటి రిజర్వాయర్ బాగుంటుంది, కానీ అది విశాఖ దాహం తీర్చే నీరు. సంబంధిత శాఖ అనుమతి లేకుండా రాఫ్ట్ దించకండి. అలల మీద సాధనకి ఋషికొండ. ఆర్కే బీచ్‌లో మాత్రం వద్దు. లోపలికి లాగేసే ప్రవాహాలకి అక్కడ ప్రాణాలు పోయిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎక్కడైనా సరే, వాయుగుండం కబురు వస్తే సముద్రం వైపే వెళ్ళొద్దు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. మన దగ్గర అక్టోబరు, నవంబరు అలాంటి నెలలే.

ఉప్పునీళ్ళలో దించిన రాఫ్ట్‌ను ప్రతిసారీ మంచినీళ్ళతో కడగండి. నిండుగా గాలి కొట్టి ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి అతుకులు విడిపోతాయి.

నాలుగో పని: నది మీదికి

కదలని నీళ్ళలో లయ కుదిరాకే టిక్కెట్లు. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గరి కుండలిక నదిలో విద్యుత్ ప్రాజెక్టు నుంచి పొద్దున్న వదిలే నీటి మీద రాఫ్టింగ్ జరుగుతుంది. మొదటి అనుభవానికి అది చాలు. గంగ ఆ తర్వాత. శివపురి నుంచి ఋషికేశ్ దాకా నడిపి అలవాటు పడ్డాకే ఎగువన కౌడియాలా వైపు చూడండి. అక్కడి ‘వాల్’ అనే ఉరవడి అనుభవం లేనివాళ్ళకి కాదు. వానాకాలంలో గంగ మీద రాఫ్టింగ్ ఆపేస్తారు, కాబట్టి సెలవులు ఆ లెక్కన పెట్టుకోండి. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్ణించి హరిద్వార్. మన ఎండలకి అలవాటైన ఒంటికి గంగ నీళ్ళు మే నెలలో కూడా పళ్ళు కటకటలాడిస్తాయి. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, తీసుకెళ్ళకండి.

మొదటి రోజు రాఫ్ట్ ఎక్కకముందే ఒడ్డున కూర్చుని నీళ్ళు చదవండి. దిగువకి మొన తిరిగి ఉన్న నున్నటి నీటి నాలుకే రాఫ్ట్‌కి దారి. ఎగువకి మొన తిరిగి ఉంటే కింద బండ ఉన్నట్టు. బండ వెనక నీరు వెనక్కి తిరిగే చోటు ఆగడానికి పనికొస్తుంది. స్లాలమ్‌లో ఎదురు గేట్లు సాధారణంగా అక్కడే పెడతారు. నీళ్ళలో పడితే వెల్లకిలా, పాదాలు పైకి, కాళ్ళు ప్రవాహం దిశగా పెట్టి తేలాలి. పరుగెత్తే నీళ్ళలో నిలబడాలని చూడొద్దు, రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంటే నీరు మనిషిని ముంచేస్తుంది. స్థానిక గైడ్ లేకుండా ఒక్క రోజు కూడా దిగొద్దు, అక్కడ పొదుపు చెయ్యకండి.

అయిదో పని: డబ్బు

‘మా జట్టుకి సాయం చెయ్యండి’ అంటే ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా మొహమాటానికి ఒక వంద. ఖర్చును ముక్కలు చెయ్యండి. ఒక హెల్మెట్, ఒక మనిషి రైలు ఛార్జీ, ఒక రోజు రాఫ్ట్ అద్దె, గైడ్ కూలి. ఏ ముక్క ఎవరిస్తారో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. కొత్త రాఫ్ట్ కొనడం ఈ పట్టికలో మొదటి ఏడాది ఉండకూడదు. అద్దెకి దొరుకుతుంది.

చందా అడిగే ముందు సొసైటీగా నమోదు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, కాబట్టి తల్లిదండ్రులను, పాత కోచ్‌లను కలుపుకోండి. పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా ఉండాలి. ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకి చందాలు వేయించుకుంటే మొదటి తగాదా అక్కడే మొదలవుతుంది. దాతలు పన్ను మినహాయింపు అడుగుతారు. అందుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ గుర్తింపు ఉన్నా, నగదుగా 2000 రూపాయలు దాటి ఇచ్చినదానికి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలే లేదు. ముందే చెప్పెయ్యండి.

పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు (సీఎస్ఆర్) మీద ఆశ పెట్టుకుని చెప్పులు అరగదీసుకోవద్దు. బయటి సంస్థకి ఆ డబ్బు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదుతో పాటు కనీసం మూడేళ్ళ పని చరిత్ర ఉండాలి. కొత్త జట్టుకి అది కుదరదు. దాని బదులు ఊళ్ళోని వ్యాపారులను వస్తువులే అడగండి, చొక్కా మీద వాళ్ళ పేరు వెయ్యండి.

నా లెక్కలో అన్నిటికన్నా నమ్మకమైన చోటు పొద్దున్నే బీచ్ రోడ్డుకి నడకకి వచ్చే జనం. జీవీఎంసీ, పోలీసుల అనుమతి తీసుకుని, ఒక రోయింగ్ యంత్రం (కూర్చుని తెడ్డు వేసినట్టు లాగే వ్యాయామ యంత్రం) పెట్టి, జట్టువాళ్ళు వంతులవారీగా ఆపకుండా లాగాలి. కిలోమీటరుకి ఇంత అని ముందే మాట తీసుకున్న దాతల పేర్లు బోర్డు మీద కనబడాలి. పక్కన రాగి జావ అమ్మండి. అది సాధన కూడా అవుతుంది. జనాన్ని డబ్బులు తీసుకుని సముద్రంలో రాఫ్ట్ ఎక్కించడం మాత్రం ఎంత ఆశగా ఉన్నా వద్దు. అనుమతులు వేరు, ప్రమాదం జరిగితే బాధ్యత మీది.

నది మీద శిక్షణ నుంచి తిరిగొచ్చిన వారంలోపు బిల్లులతో సహా లెక్క దాతలందరికీ పంపండి. మిగిలింది ఎంతో అందులోనే రాసి, అది వచ్చే సీజన్ అడ్వాన్సుకి వాడతామని చెప్పండి.