పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 13కి మారే ముందు జాగ్రత్తలు

మా వీధి పిల్లలు సాయంత్రాలు చదువుకునే గదిలో ఐదు పాత ల్యాప్‌టాప్‌లున్నాయి. వాళ్లూ వీళ్లూ వాడి పక్కన పెట్టేసినవి, ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్. అన్నిట్లోనూ డెబియన్ 12 (లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, పైన తేలికైన ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ పెట్టాం. 2025 ఆగస్టు 9న డెబియన్ 13, అంటే ట్రిక్సీ, వచ్చాక వాటిని ఒక్కొక్కటిగా మార్చాను. నాలుగు మారాయి. ఒకదాన్ని మార్చలేదు, మార్చకూడదు కూడా. ముందు ఆ ఐదోదాని సంగతే చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు పడితే మిగతా జాగ్రత్తలేవీ పనికిరావు.

ఇక్కడ కమాండ్లను పలికినట్టుగా రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

టెర్మినల్ తెరిచి 'డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్' అని కొట్టండి. ఏఎండీ64, అంటే 64 బిట్, అని వస్తే మంచిది, ముందుకు వెళ్లొచ్చు. ఐ386 అని వస్తే అక్కడే ఆగండి. అది 32 బిట్ సిస్టమ్. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి ముఖ్య ప్రోగ్రాం) లేదు, ఇన్‌స్టాలర్ కూడా లేదు. ఐ386 వాడేవాళ్లు ట్రిక్సీకి అప్‌గ్రేడ్ చేయొద్దని విడుదల పత్రంలో డెబియన్ వాళ్లే స్పష్టంగా రాశారు. ఇంకో విషయం కూడా చూడాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64 బిట్‌దే ఉంటుంది, ఎప్పుడో ఎవరో 32 బిట్ సిస్టమ్ వేసి వదిలేసి ఉంటారు. 'ఎల్‌ఎస్‌సీపీయూ' కొట్టి ఆప్ మోడ్స్ అన్న వరుస చూడండి. అందులో 32, 64 రెండూ కనిపిస్తే ఫైళ్లన్నీ బయటికి తీసి పెట్టుకుని, 64 బిట్ డెబియన్ 13ను కొత్తగా వేసుకోండి. 32 మాత్రమే ఉంటే ఆ యంత్రాన్ని 12 మీదే ఉంచండి. మా ఐదోది అలాంటిదే. పిల్లలు దానిలో టైపింగ్ నేర్చుకుంటున్నారు, ఇంటర్నెట్ వైరు మాత్రం తీసేశాను.

డెబియన్ 11 మీద ఉన్నవాళ్లు నేరుగా 13కి దూకకూడదు. ముందు 12కి వెళ్లి, అది బాగా నడుస్తోందని చూసుకుని, ఆ తర్వాతే 13కి రావాలి. 12 మీద ఉన్నవాళ్లు కూడా మొదట 12లోనే ఉన్న అప్‌డేట్లన్నీ పూర్తి చేసుకోవాలి.

తొందరేం లేదు. డెబియన్ 12కి లాంగ్ టర్మ్ సపోర్ట్ 2028 జూన్ నెలాఖరు దాకా ఉంది. పరీక్షల ముందు, ఆఫీసు లెక్కలు అప్పజెప్పే వారంలో ఈ పని పెట్టుకోకండి. ఒక రోజంతా ఖాళీగా ఉన్నప్పుడు, అవసరమైతే వాడుకోవడానికి పక్కన ఇంకో కంప్యూటరో ఫోనో ఉన్నప్పుడు చేయండి.

ఇక కరెంటు. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవదు. ప్యాకేజీలు (ప్రోగ్రాంలు మూటగట్టి వచ్చే ఫైళ్లు) విప్పుతుండగా కరెంటు పోతే కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, కొన్ని సగం విప్పినవి మిగులుతాయి. అందుకే డౌన్‌లోడ్‌నూ ఇన్‌స్టాల్‌నూ విడదీయమంటాను. డెబియన్‌లో ప్యాకేజీలను దింపి, పెట్టి, తీసేసే ఆప్ట్ అనే ప్రోగ్రాంకి '--డౌన్‌లోడ్-ఓన్లీ' అనే ఆప్షన్ ఉంది. అది పెడితే ప్యాకేజీలు దిగి డిస్కులో కూర్చుంటాయి గానీ సిస్టమ్‌లో ఏదీ మారదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడేవాళ్లకు ఇది చాలా ఉపయోగం: రాత్రి మిగిలిన డేటాతో దింపుకోవచ్చు, మధ్యలో నెట్ పోయినా నష్టం లేదు, మళ్లీ కొడితే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. ఇన్‌స్టాల్ మాత్రం మీ ఊళ్లో కరెంటు కోత లేని వేళ చూసి, వీలైతే ఇన్వర్టర్ లైనులో ప్లగ్గు పెట్టి చేయండి. వర్షాకాలంలో ఉరుములు వినిపిస్తుంటే ఆ రోజు వద్దు.

ఎంత దిగుతుందో, ఎంత చోటు పడుతుందో ఆప్ట్ ముందే చెబుతుంది. 'డూ యూ వాంట్ టు కంటిన్యూ' అని అడిగే ముందు వచ్చే వరుసల్లో ఆ అంకెలుంటాయి. 'డీఎఫ్ -హెచ్' కొట్టి చూపించే ఖాళీతో వాటిని పోల్చుకోండి. పాత ప్యాకేజీ ఫైళ్లు డిస్కు తింటుంటే 'ఆప్ట్ క్లీన్' తో తీసేయొచ్చు, అయితే ఇది డౌన్‌లోడ్‌కు ముందు చేయాల్సిన పని. దింపుకున్నాక చేస్తే దింపినదంతా పోతుంది. బూట్‌కి (కెర్నల్ ఉండే ఫోల్డరు) డిస్కులో వేరే పార్టిషన్, అంటే విడదీసిన భాగం, ఉంటే దాన్ని విడిగా చూడాలి. అది కనీసం 768 ఎంబీ ఉండాలని, అందులో సుమారు 300 ఎంబీ ఖాళీ ఉండాలని డెబియన్ 13 విడుదల పత్రం చెబుతుంది. పాత యంత్రాల్లో ఆ పార్టిషన్ తరచూ అంతకంటే చిన్నదిగా ఉంటుంది. అది నిండిపోతే కొత్త కెర్నల్ సగం రాసి ఆగిపోతుంది, ఆ స్థితిలో రీస్టార్ట్ చేస్తే యంత్రం లేవకపోవచ్చు.

గడియారం కూడా చూడండి. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయిన ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అప్పుడు 'ఆప్ట్ అప్‌డేట్' కొడితే 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్' అంటుంది. చాలామంది దీన్ని చూసి సర్వర్ పాడైందనుకుని ఎక్కడెక్కడివో కొత్త సోర్సులు (ప్యాకేజీలు దింపుకునే చోట్లు) పెడుతుంటారు. తేదీ సరిచేస్తే చాలు. ఆ సెల్ ఎక్కువగా సీఆర్2032 రకం, గడియారాల కొట్లో దొరుకుతుంది.

ఇప్పుడు సోర్సుల జాబితా. ఈటీసీ ఫోల్డర్లో ఆప్ట్ లోపల సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైలు, దాని పక్కనే సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ అనే ఫోల్డరు ఉంటాయి. రెండూ తెరిచి ఒక్కో వరుసా చదవండి. బుక్‌వర్మ్ (డెబియన్ 12 కోడ్‌నేమ్) అన్నచోట ట్రిక్సీ అని మార్చాలి. ఎక్కడైనా బుక్‌వర్మ్ బదులు స్టేబుల్ (అప్పటికి తాజా విడుదల అని అర్థం) అన్న మాట ఉంటే జాగ్రత్త. ఆ మాట ఉన్న సిస్టమ్, మీరు ఏమీ మార్చకపోయినా, ట్రిక్సీ విడుదలైన రోజు నుంచీ 13 ప్యాకేజీలను అడగడం మొదలుపెడుతుంది. కోడ్‌నేమ్ బుక్‌వర్మ్ నుంచి ట్రిక్సీకి మారింది, ఒప్పుకుంటారా అని ఆప్ట్ ప్రశ్న వేస్తుంది. మామూలు అప్‌డేట్ అనుకుని వై కొట్టేశారంటే ఈ జాగ్రత్తలేవీ తీసుకోకుండానే ప్రయాణం మొదలైనట్టు.

బయటి సోర్సులుంటే ఆ వరుసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఆపేయండి, మారడం పూర్తయ్యాక చూసుకోవచ్చు. ఇంకా విడుదల కాని ప్యాకేజీలుండే టెస్టింగ్, సిడ్ వరుసలు స్టేబుల్‌తో కలపనేవద్దు. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగ దారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు. ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ టెస్టింగ్, సిడ్‌లలోకి వచ్చేశాయి, స్టేబుల్‌లోకి రాలేదు. ఒక కొత్త ప్రోగ్రాం కోసం సిడ్ వరుస కలుపుకున్న యంత్రం ఆ రోజు ఎక్కడుండేదో ఆలోచించండి. అదే ఫైల్లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అన్న మాట ఉందో లేదో కూడా చూడండి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌కు (వైఫై కార్డు లాంటి పరికరాలు పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) అది వేరే విభాగమైంది. 11 నుంచి వచ్చినవాళ్లు దాన్ని చేర్చడం మర్చిపోయి ఉంటే వైఫై కార్డుకు కొత్త ఫర్మ్‌వేర్ రాదు.

బ్యాకప్ గురించి ఎక్కువ చెప్పను. హోమ్ ఫోల్డరు, ఈటీసీ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' ఇచ్చే జాబితా కూడా ఒక ఫైల్లోకి పంపి అక్కడే పెట్టండి. కొత్తగా వేసుకోవాల్సి వస్తే మీరు కోరి పెట్టుకున్న ప్యాకేజీలేవో అది చెబుతుంది. అదే పెన్‌డ్రైవ్ కాకుండా ఇంకోదానిలో డెబియన్ లైవ్ సిస్టమ్ (పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిచేది) సిద్ధంగా ఉంచుకోండి.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది: వై కొట్టే ముందు, తీసేస్తానంటున్న ప్యాకేజీల జాబితా చదవండి. పూర్తిగా, ప్రతి పేరూ.

రెండేళ్ల కిందట నేను చదవలేదు. ఒక ల్యాప్‌టాప్‌లో డిస్కు నిండిందని, పిల్లలు వాడని మ్యూజిక్ ప్లేయర్ ఒకటి తీసేశాను. దాంతోపాటు ఎల్‌ఎక్స్‌డీఈ అనే మెటా ప్యాకేజీ కూడా పోతోందని ఆప్ట్ చెప్పింది. అదేదో చిన్న ప్యాకేజీయే కదా అనుకున్నాను. నిజమే, చిన్నదే, దానిలో ప్రోగ్రాం ఏదీ ఉండదు. కానీ ప్యానెల్, ఫైల్ మేనేజర్, సెషన్ అన్నీ దాని కోసం వచ్చినవే. అది పోగానే వాటి అవసరం ఎవరికీ లేదని ఆప్ట్ లెక్కవేసింది. మర్నాడు, అవసరం లేనివాటిని తీసేసే 'ఆప్ట్ ఆటోరిమూవ్' కొట్టాను. పొడవైన జాబితా వచ్చింది, పైకి జరిగిపోయింది, వై కొట్టాను. రీస్టార్ట్ చేశాక నల్లటి తెర మీద లాగిన్ అని మాత్రం మిగిలింది. ఆ సాయంత్రం ఒక పాప ప్రాజెక్టు రాసుకోవడానికి వచ్చి ఆ తెర ముందు నిలబడిపోయింది. ఆ దృశ్యం చూసినప్పటినుంచీ ఆ జాబితా చదవకుండా వై కొట్టలేదు.

ఇలాంటిది అనుభవం ఉన్నవాళ్లకూ జరుగుతుంది. 2021 నవంబరులో కెనడాకు చెందిన యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ సిస్టమ్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రాం పెట్టబోయాడు. ప్యాకేజీల్లో ఉన్న ఒక లోపం వల్ల, స్టీమ్ కావాలంటే డెస్క్‌టాప్ మొత్తం తీసేయాలని ఆప్ట్ తేల్చింది. ప్రమాదమని హెచ్చరించి, ఒక పూర్తి వాక్యం టైప్ చేస్తేనే చేస్తానంది. ఆయన టైప్ చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ కమాండ్‌లో ఆ వాక్యంతో దాటిపోయే వీలు తీసేశారు. కానీ ఎల్‌ఎక్స్‌డీఈ లాంటి డెస్క్‌టాప్ ఆప్ట్ దృష్టిలో అత్యవసర ప్యాకేజీ కాదు కాబట్టి, మా ల్యాప్‌టాప్‌లో జరిగినదాన్ని ఆ మార్పు ఆపదు. ఆపగలిగేది మన కన్నే.

అందుకే ముందు నటన చేయించండి. 'ఆప్ట్ -ఎస్ ఫుల్-అప్‌గ్రేడ్' కొడితే నిజంగా ఏదీ మార్చకుండా ఏం చేస్తుందో చెబుతుంది. అందులో తీసేసేవాటిలో డెస్క్‌టాప్, నెట్‌వర్క్ మేనేజర్, కెర్నల్, బ్రౌజర్ పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందుకు పోవద్దు, కారణం వెతకండి. చాలాసార్లు బయటి సోర్సు నుంచి వచ్చిన ప్యాకేజీ ఒకటి అడ్డుపడుతుంటుంది. లేదా ఎప్పుడో హోల్డ్‌లో పెట్టి, అంటే మారకుండా ఆపి, మర్చిపోయింది, 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్' కొడితే బయటపడుతుంది. డెస్క్‌టాప్ భాగాలను 'ఆప్ట్-మార్క్ మాన్యువల్' తో మీరు కోరుకున్నవిగా గుర్తు పెట్టండి, ఆటోరిమూవ్ వాటిని ముట్టదు.

మొదలుపెట్టే రోజు బ్రౌజర్ మూసేయండి. మూత వేస్తే నిద్రపోయే సెట్టింగ్, స్క్రీన్ లాక్ ఆపేయండి. డెస్క్‌టాప్ లోపలి టెర్మినల్‌లో కాకుండా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి వచ్చే నల్ల తెరలో చేయడం నయం, ఎందుకంటే మారుతున్నది ఆ డెస్క్‌టాపే. మొదట 'ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-ప్యాకేజెస్' (చివరి మాటను పీకేజీఎస్ అని నాలుగే అక్షరాలకు కుదించి కొట్టాలి), అది అయ్యాక 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్'. మధ్యలో మీరు మార్చుకున్న సెట్టింగ్ ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. తెలియకపోతే ఎంటర్ కొట్టండి, మీది అలాగే ఉంటుంది. ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాంను ఎక్కడ వేయాలని అడిగితే పార్టిషన్ కాదు, మొత్తం డిస్కును ఎంచుకోవాలి. పాత హార్డ్ డిస్కులో ఒక్కోచోట చాలాసేపు కదలనట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. డిస్కు లైటు వెలుగుతుంటే పని జరుగుతున్నట్టే.

లాక్ దొరకలేదని మెసేజ్ వస్తే ఆ లాక్ ఫైలు చెరిపేయమని ఎవరైనా చెప్పొచ్చు. చెరపకండి. వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని దాని అర్థం, కొంచెంసేపు ఆగితే అదే వదులుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా మధ్యలో కరెంటు పోయిందనుకోండి, తిరిగి ఆన్ చేసి 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆ తర్వాత 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' కొట్టండి. విప్పి ఆగిపోయిన ప్యాకేజీలను అవి చాలావరకు దారిలో పెడతాయి.

మారాక తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. డెబియన్ 13లో టెంప్ ఫోల్డరు మామూలుగా ర్యామ్‌లోకి వెళ్తుంది, సగం ర్యామ్ దాకా వాడుకోగలదు. 2 జీబీ యంత్రంలో అది 1 జీబీ. ఏ ప్రోగ్రామో పెద్ద తాత్కాలిక ఫైలు అక్కడ రాస్తే అంతా నత్తనడక నడుస్తుంది. మా నాలుగింట్లోనూ 'సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టెంప్ డాట్ మౌంట్' తో (ఇందులో టెంప్ అంటే టీఎంపీ) దాన్ని ఆపి, రీస్టార్ట్ చేశాను. టెంప్ మళ్లీ డిస్కులోకి వెళ్లింది.

వైఫై, సౌండ్, ప్రింటర్ చూసుకోండి. ఒక తెలుగు పేజీ తెరవండి, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ పెట్టండి. ఆటోరిమూవ్ ఆ రోజే కొట్టొద్దు. పాత కెర్నల్‌ను ఒక వారం ఉండనివ్వండి. కొత్తది ఎప్పుడైనా లేవకపోతే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల అది కనిపిస్తుంది, దానితో లేవొచ్చు. వారం గడిచాక, జాబితా చదివి, తీసేయండి.