తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టులు: ఉప్పు రోడ్ల మీద తిరిగిన పాత కారుకు సమస్య - పరిష్కారం

మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు పదీ పన్నెండేళ్లు తిరిగిన కొరోలానో సివిక్కో తక్కువలో కొనుక్కున్న మనవాళ్లు, బ్రేకులు మనమే మార్చుకుందాంలే అని దిగి మొదటి చక్రం దగ్గరే ఆగిపోతుంటారు. ఉప్పు తగలని కారు మీద తీసిన వీడియోలో అరగంటలో అయ్యే పని, ఇక్కడ పూటంతా పడుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు.

చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది ఎక్కువగా సోడియం క్లోరైడ్, అంటే ఉప్పే. చలి ముదిరితే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు కూడా వాడతారు. ఇవి గాలిలోని తేమను లాగేసుకుంటాయి కాబట్టి రోడ్డు ఆరినా కారు అడుగుభాగం ఆరదు. పైగా ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు కావాలి. బోల్టు మీది మర చుట్ల సందుల్లో ఆ తుప్పే నిండి, నట్టును లోపలి నుంచి బిగించేస్తుంది. ముందు ఆ పట్టు విడగొట్టాలి, బలం ఆ తర్వాత.

కారు లేపే ముందు, జాక్ పెట్టే అంచును స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగితే అక్కడ లేపొద్దు. కారును మోసే జాక్ స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరొద్దు.

నట్లన్నీ తీసినా చక్రం ఊడి రావడం లేదు

కారణం: అల్యూమినియం చక్రం, దాన్ని బిగించే ఇనుప హబ్ ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే మధ్యలో తెల్లటి పొక్కు కట్టి రెండూ అతుక్కుపోతాయి.

పరిష్కారం: స్టాండ్ల మీదున్న కారును తన్నొద్దు, పడిపోవచ్చు. నట్లు మళ్లీ ఎక్కించి, బిగించాక ఒకటి రెండు చుట్లు వదులు చేయండి. కారు దించి, ఖాళీ చోట రెండు మూడడుగులు ముందుకీ వెనక్కీ నడిపి బ్రేకు తొక్కండి. టక్‌మని వినిపిస్తే చక్రం విడినట్టే.

బ్రేక్ రోటర్ కదలడం లేదు

రోటర్ అంటే బ్రేక్ ప్యాడ్లు నొక్కిపట్టే ఇనుప పళ్లెం. హోండాల్లో దాన్ని రెండు చిన్న స్క్రూలు పట్టుకుని ఉంటాయి. వాటి మీద మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. అయినా రాకపోతే తల డ్రిల్ చేసేయండి. రోటర్‌ను అసలు పట్టి ఉంచేవి చక్రం నట్లే. చాలా టయోటా, హోండా రోటర్లకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే రోటర్ దానంతటదే బయటికి వస్తుంది.

బోల్టు అసలు తిరగడం లేదు

ఇక్కడే ఓపిక కావాలి. బయటికి కనిపించే మరలను ముందు వైర్ బ్రష్‌తో గీకండి, నట్టు వాటి మీదుగానే రావాలి కదా. పీబీ బ్లాస్టర్, క్రోయిల్ లాంటి తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది తలను గుండ్రం చేసేస్తుంది. బోల్టు తల మీద సుత్తితో సూటిగా నాలుగు దెబ్బలు వేసి, ముందు రవ్వంత బిగించే వైపు, తర్వాత వదులు చేసే వైపు తిప్పండి.

ఇక చేతికి ఏం తెలుస్తోందో గమనించండి. కిర్రుమంటూ కొద్దికొద్దిగా జరిగితే తుప్పు విడుతోందన్నమాట. చప్పుడు లేకుండా, సాగుతున్నట్టు మెత్తగా తిరిగితే బోల్టు మెలిపడుతోంది, ఇంకాస్త తిప్పితే తెగుతుంది. వెంటనే ఆపేయండి. కదలడం మొదలుపెట్టిన బోల్టును కూడా ఒక్క ఊపులో లాగొద్దు. అర చుట్టు బయటికి, పావు చుట్టు లోపలికి, మధ్యలో నూనె.

అప్పటికీ రాకపోతే వేడి. నన్నడిగితే ఏ నూనె కన్నా ఇదే గట్టి మందు. నూనె తుడిచేసి, ప్రొపేన్ టార్చ్‌తో నట్టును కాల్చండి, బోల్టును కాదు. నట్టు వ్యాకోచించి తుప్పు పొర పగులుతుంది. పెట్రోలు గొట్టాలు, రబ్బరు ముక్కలు దగ్గరుంటే మంట పెట్టొద్దు. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాలకే ముప్పు.

బోల్టు కొంచెం తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చేస్తోంది

చక్రాన్ని కారుకు కలిపే సస్పెన్షన్ ఆర్మ్‌ల దగ్గర ఇది మామూలే. రబ్బరు బుష్ మధ్యలోని ఇనుప గొట్టానికి బోల్టు అతుక్కుపోయి, మీరు తిప్పినప్పుడల్లా రబ్బరు మెలిపడి వెనక్కి లాగుతోంది. అంత లోపలికి నూనె చేరదు. బుష్‌కు రెండు పక్కలా రంపం మెషిన్‌తో కోసేయడమే దారి. అందుకే కొత్త ఆర్మ్, కొత్త బోల్టు ముందే తెచ్చిపెట్టుకోండి.

బ్రేక్ గొట్టం నట్టుతోపాటే తిరుగుతోంది

ఇంకా తిప్పితే గొట్టం చీలిపోతుంది. గొట్టాన్ని నట్టు దగ్గర కోసి, నట్టు మీద సాకెట్ వేసి తీయండి. కొత్తగా నికెల్-రాగి గొట్టం వేయండి, అది తుప్పు పట్టదు. కోసిన చోట కంప్రెషన్ జాయింటు పెట్టి సరిపెట్టొద్దు. బ్రేకుల్లోంచి గాలి తీయడం రాకపోతే ఈ పని మెకానిక్‌కే వదిలేయండి.

తల తెగిపోయింది

ముక్క బయటికి ఉంటే దాని మీద నట్టు వెల్డింగ్ చేయించండి. ఆ వేడికి సగం పట్టు అక్కడే వదిలిపోతుంది. లోపలే తెగితే ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టుతో మొదలుపెట్టండి, చాలాసార్లు ముక్క దాంతోనే బయటికి వచ్చేస్తుంది. తెగిన ముక్కను పట్టి తీసే ఎక్స్‌ట్రాక్టర్‌తో మొరటుగా తిప్పొద్దు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కోయలేదు.

తిరిగి బిగించేటప్పుడు హబ్ ముఖాన్ని మెరిసేదాకా గీకి, పల్చగా యాంటీ-సీజ్ (అతుక్కుపోకుండా ఆపే పేస్టు) రాయండి. చక్రం బోల్టుల మరలకు రాయొద్దు. కంపెనీలు చెప్పే బిగింపు పొడి మరలకు లెక్కగట్టింది, చాలా సివిక్‌లకు అది 108 న్యూటన్ మీటర్లు, చాలా కొరోలాలకు 103. శరదృతువులో అడుగంతా కడిగి, పూర్తిగా ఆరాక గొర్రె ఉన్ని మైనంతో (లానోలిన్) చేసిన నూనె కొట్టించండి. నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు, రోటర్ల మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.