డాక్టర్ హూ చూడడం నేర్చుకుందాం – 4వ పాఠం: ‘మిడ్‌నైట్’ని చెవులతో చూడండి

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ డాక్టర్ హూలో, పోయిన పాఠంలో ‘బ్లింక్’ (2007) ఎపిసోడ్ తీసుకున్నాం. రాతి విగ్రహాలు కదులుతుండగా ఒక్కసారి కూడా చూపించకుండానే కంటిని ఎలా భయపెట్టారో గమనించాం. ఈసారి చెవి వంతు.

‘మిడ్‌నైట్’ బీబీసీ వన్‌లో 2008 జూన్ 14న ప్రసారమైంది. 2005లో మళ్లీ మొదలైన సిరీస్‌ల లెక్కలో నాలుగో సిరీస్, పదో ఎపిసోడ్. రచన రస్సెల్ టి డేవిస్, దర్శకత్వం ఆలిస్ ట్రౌటన్, నిడివి సుమారు ముప్పావు గంట. ఇందులో మీదపడే ప్రాణికి ఆకారం లేదు, పేరు లేదు. అదేమిటో ఆఖరికి కూడా ఎవరూ చెప్పరు. భయపెట్టే పనంతా మాటలే చేస్తాయి, అది కూడా మనం నిత్యం ఇంట్లో వాడుకునే మామూలు మాటలు. డాక్టర్ హూలో ఇంతకంటే ఖర్చుపెట్టి తీసిన భయానక ఎపిసోడ్లు ఉన్నాయి గానీ, ఇంత తక్కువ సరంజామాతో ఇంత లోతుగా దిగినది మాకు ఇంకొకటి కనబడలేదు.

ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. ముందు ఒకసారి చూసి రండి. రాత్రిపూట, ఒక్క బిగిన, మధ్యలో పాజ్ చేయకుండా చూడాలి. సబ్‌టైటిల్స్ కావాలంటే పెట్టుకోండి. పాఠం మొదలయ్యేది రెండోసారి చూసినప్పుడు.

రెండోసారికి సిద్ధం కావడం

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్‌లో రెండు గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అక్కడితో పాఠం పోయినట్టే. తర్వాత సబ్‌టైటిల్స్ తీసేయండి. బ్రిటిష్ ఉచ్చారణ అందక మనలో చాలామంది వాటిని పెట్టుకుంటాం, అందులో తప్పేం లేదు. కానీ ఈ ఎపిసోడ్‌లో ఎవరు ముందు అన్నారు, ఎవరు వెనక అన్నారు అన్నదే కథ. సబ్‌టైటిల్ తరచూ గొంతుకంటే ముందే తెరమీద పడిపోతుంది. పైగా ఇద్దరు ఒకేసారి ఒకే మాట అంటే రాత ఒక్కటే కనబడుతుంది. కంటికి ఒక గొంతు, చెవికి రెండు గొంతులు. మొదటిసారి చూసి భయం అంతగా తగలలేదనేవాళ్లు సబ్‌టైటిల్స్ తీసి మళ్లీ చూడండి.

ఒక కాగితం మీద మూడు గడులు గీసి పైన రాయండి: తర్వాత, కలిసి, ముందు. స్కై (ఆ ప్రాణి ఆవహించే ప్రయాణికురాలు) మాట డాక్టర్ (సిరీస్ కథానాయకుడు) మాటకు ఎక్కడ పడుతోందో చూసి, ఆ వాక్యంలో ఒక మాటను ఆ గడిలో రాస్తూ పోవాలి.

తలుపు చప్పుడుకు ముందు

మిడ్‌నైట్ అనేది వజ్రాలు పరుచుకున్న గ్రహం. అక్కడి ఎండ తగిలితే ప్రాణం నిలవదు. క్రూసేడర్ 50 అనే వాహనం నీలాల జలపాతం చూపించడానికి బయల్దేరుతుంది, నాలుగు గంటల ప్రయాణం. డ్రైవర్, మెకానిక్ ముందు క్యాబిన్‌లో ఉంటారు. వెనక ఎనిమిది మంది: డాక్టర్ (డేవిడ్ టెనెంట్), ఒంటరిగా వచ్చిన స్కై సిల్వెస్ట్రీ (లెస్లీ షార్ప్), ప్రొఫెసర్ హాబ్స్, ఆయన దగ్గర పనిచేసే డీ డీ, వాల్–బిఫ్ దంపతులు, వాళ్లబ్బాయి జెత్రో, హోస్టెస్. డాక్టర్‌తో రావాల్సిన అతని సహచరి డోనా విశ్రాంతి గృహంలోనే ఉండిపోయింది. అందుకని ఈ బండిలో ఇతను మంచివాడని పూచీ పడడానికి ఒక్కరూ లేరు. దీన్ని కాగితం మూల రాసిపెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

ప్రయాణం మొదట్లో పాటలు, పాత కార్టూన్ బొమ్మలు అన్నీ ఒకేసారి మోగుతూ చెవులు చిల్లులు పడేలా చేస్తాయి. డాక్టర్ ఎప్పుడూ దగ్గరుంచుకునే పరికరం సోనిక్ స్క్రూడ్రైవర్‌తో వాటిని ఆపేసి అందరిచేతా కబుర్లు చెప్పిస్తాడు. కాలక్షేపం కదా అని చాలామంది ఈ భాగాన్ని ముందుకు జరిపేస్తారు. అలా చేయకండి. ఇక్కడే ఒక్కొక్కరి గొంతూ మన చెవికి పట్టుబడుతుంది. బిఫ్ నవ్వు, వాల్ సాగదీత, ప్రొఫెసర్ ఉపన్యాస ధోరణి గుర్తుండిపోతేనే, తర్వాత అవే మాటలు స్కై నోట వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

బండి ఆగుతుంది. బయటి నుంచి తలుపు కొట్టిన చప్పుడు. బిఫ్ లోపలి నుంచి మూడుసార్లు కొడితే బయట నుంచి మూడు. డాక్టర్ నాలుగు కొడితే నాలుగు. చాలామంది దీన్ని బయట ఏదో ఉందనడానికి సాక్ష్యంగా మాత్రమే తీసుకుంటారు. మళ్లీ వినండి. నోరు దొరకకముందే అది మనల్ని అనుకరిస్తోంది. ఎపిసోడ్ మొత్తం ఆ చప్పుళ్లలో ఇమిడి ఉంది.

మూడు గడులు

దీపాలు పోయి, బండి కుదిపేసి, డ్రైవర్ క్యాబిన్ ఊడిపోయాక, స్కై మూల నుంచి మెల్లగా తల తిప్పుతుంది. ఇక్కడి నుంచి కలం పట్టుకోండి.

తర్వాత: ఎవరేమంటే అది వెంటనే తిరిగి అంటుంది. చిన్నపిల్లలు ఉడికించడానికి అన్నమాటే మళ్లీ అనే ఆట మనందరికీ తెలుసు. రెండు నిమిషాలు దాటితే ఎందుకంత ఒళ్లు మండుతుంది? మన మాటలో అర్థం తీసేసి ఉత్త శబ్దం తిరిగి చేతిలో పెడతారు గనక. పరీక్షించడానికి డాక్టర్ గణితంలోని ‘పై’ (π) వర్గమూలాన్ని 1.772453850905516... అంటూ ముప్ఫై దశాంశ స్థానాల దాకా చదువుతాడు. స్కై వదలకుండా వెంటాడుతుంది. ఇక్కడ వినాల్సింది అంకెలు కాదు, రెండు గొంతుల మధ్య ఎడం. అది తగ్గుతూ వస్తుంది.

కలిసి: దీపాలు తిరిగొస్తాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరటలోనే మార్పు జరిగిపోతుంది. రెండు గొంతులు ఒక్కటైన మొదటి వాక్యం ఏదో పట్టుకోండి. బండిలో వాళ్లకంటే మీరు ముందు పట్టుకున్నారా, వెనకబడ్డారా అన్నది రాయండి. డాక్టర్ రోస్ట్ బీఫ్ అని, అరటిపళ్లు అని, నోటికొచ్చిన అర్థంలేని శబ్దాలు అని చూస్తాడు. అన్నీ అక్షరం పొల్లు పోకుండా కలుస్తాయి. ఇంతదాకా తెలివైన చిలుకలా ఉన్నది, ఇకమీదట తలలో కూర్చున్నదని తేలిపోతుంది.

దీని బరువు తెలియాలంటే ఒక పని చేయండి. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ కంఠస్థమైన ఒక శతక పద్యం కలిసి చదవండి. ఛందస్సు లాక్కుపోతుంది, సులువుగా కలుస్తుంది. ఇప్పుడు ఒకరు అప్పటికప్పుడు తోచిన పది మాటలు అనాలి, రెండోవారు అదే క్షణంలో అనాలి. రెండో మాటకే తప్పుతుంది. లెస్లీ షార్ప్ ఎదుటివాళ్ల సంభాషణలన్నీ తనవిగా నేర్చుకుని, ముఖంలో ప్రయాస కనబడకుండా అనాల్సి వచ్చింది.

ముందు: క్రమంగా స్కై మిగతావాళ్లను వదిలేసి డాక్టర్‌తో మాత్రమే కలిసి పలుకుతుంది. ఆ తర్వాత ఒక వాక్యం ఆమె ముందు అంటుంది, అతను వెనక అంటాడు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అందరూ స్కై ముఖమే చూస్తూ ఉంటారు. మీరు టెనెంట్‌ను చూడండి. ఒళ్లు బిగుసుకుపోయి, పెదవులు, కళ్లు మాత్రమే బతికి ఉంటాయి. ఆ ప్రాణి డాక్టర్‌లోకి మారిందని వాల్ తదితరులు నమ్ముతారు. గొంతు దొంగిలించిందని డీ డీ అంటుంది. మీ కాగితం బయటికి తీయండి. ఎవరిది నిజమో మూడో గడిలో ఉంటుంది.

జనం గొంతు

మూడోసారి చూసేటప్పుడు ప్రాణిని వదిలేసి ప్రయాణికుల మాటలే వినండి. స్కైని బయటికి తోసేద్దామని మొదట అన్నది హోస్టెస్. డాక్టర్ అడ్డం పడతాడు. నువ్వెవరని అడిగితే జాన్ స్మిత్ అంటాడు, ఎవరూ నమ్మరు. నీ మాట ఎందుకు వినాలంటే, నేను తెలివైనవాణ్ణి గనక అంటాడు. మిగతా ఎపిసోడ్లలో అతన్ని గట్టెక్కించే చురుకుదనం, వాక్చాతుర్యం ఇక్కడ ఉరితాళ్లవుతాయి. పూచీ పడేవాళ్లు లేరని మూల రాసుకున్నది ఇప్పుడు చూడండి.

తనను ఎండలోకి విసిరేయమని స్కై అంటుంటే, డాక్టర్ తన మరణశిక్షను తానే వెంట చదువుతుంటాడు. ఆ ఊపులో స్కై ‘మోల్తో బెనే’ (ఇటాలియన్‌లో ‘చాలా బాగుంది’), ‘అలోన్సీ’ (ఫ్రెంచ్‌లో ‘పదండి’) అంటుంది. రెండూ డాక్టర్ ఊతపదాలు. హోస్టెస్ ఒక్కతే అది అతని గొంతని గుర్తుపడుతుంది. ఆమెకు ఆ మాటలు ఎలా తెలిసి ఉంటాయో వెనక్కి వెళ్లి వెతకండి. ఆమె స్కైని పట్టుకుని తలుపు తీసి, ఆరు దాకా లెక్కపెడుతుంది; ఇద్దరూ బయటి ఎండలోకి పోతారు.

తర్వాత వాల్ అనే వాక్యం: అది ఆవిడేనని నేను ముందే చెప్పాను కదా. డాక్టర్ జవాబివ్వడు, చూస్తాడంతే. ఆ హోస్టెస్ పేరేమిటని తర్వాత అడుగుతాడు. ఎవరికీ తెలియదు.

ఆఖరి సన్నివేశంలో విశ్రాంతి గృహంలో డోనా సరదాగా ‘మోల్తో బెనే’ అంటుంది. అలా అనొద్దంటాడు డాక్టర్. ఆ మాటను మీ కాగితంలో ఏ గడిలో రాయాలో చూడండి.