నీళ్ల బాయిలర్‌కు, కుంపటికి కట్టెలు మాని బొగ్గులు వాడడం ఎలా?

కార్తీకం దాటిందంటే అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లెల్లో తెల్లవారకముందే వాకిళ్ల నిండా కట్టెల పొగ. స్నానాల నీళ్లకు రాగి బాయిలర్, చలి కాచుకోవడానికి కుంపటి, రెండింటికీ కట్టెలే. అమ్మ దగ్గు చూడలేక మా ఇంట్లో బొగ్గులకు మారాం. పొగ బాధ చాలావరకు తీరింది. అయితే బొగ్గు నిప్పుకు పొగలేని ప్రమాదం ఒకటి ఉంది. అది తెలియకుండా మాత్రం ఎవరూ మారకూడదు.

ముందుగా, ఏ బొగ్గు?

సింగరేణి గనుల్లో తవ్వే రాక్షసి బొగ్గు ఇంటి కుంపటికి పనికిరాదు. అంత తేలిగ్గా అంటుకోదు, బూడిద ఎక్కువ, గంధకం వాసన వేసే పొగ వస్తుంది. ఇంటికి కావలసింది కట్టెబొగ్గు. మన జిల్లాల్లో సర్కారు తుమ్మను కాల్చి చేసిన బొగ్గు దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు ముక్కలు తట్టి చూడండి. ఖంగుమని మోగాలి, విరిస్తే లోపల నల్లగా మెరవాలి. గోధుమ రంగు కనిపిస్తే అది సగం కాలిన కట్టె, దానితో మళ్లీ పొగే. తడి బొగ్గు కొంటే నీళ్లకు డబ్బు పోసినట్లే. బట్టీ నుంచి అప్పుడే తీసిన బస్తాలో నిప్పు దాగి ఉండవచ్చు కాబట్టి రెండు మూడు రోజులు ఆరుబయటే ఉంచండి.

ఎంత పడుతుంది?

కిలో ఎండు కట్టె సుమారు 3,500 కిలోకేలరీల వేడినిస్తే, కిలో మంచి కట్టెబొగ్గు 7,000 దాకా ఇస్తుంది. 20 డిగ్రీల నీళ్లు 25 లీటర్లు 60 డిగ్రీలకు రావడానికి 1,000 కిలోకేలరీలు కావాలి. సగానికి పైగా వేడి గొట్టంలోంచి పోయినా 400 గ్రాముల బొగ్గు సరిపోతుంది.

అంటించే పద్ధతి

బాయిలర్‌లో మొదట నీళ్లు నింపండి. ఖాళీ బాయిలర్‌లో నిప్పు వేస్తే అతుకులు ఊడతాయి. జల్లెడ మీది బూడిద దులిపి, కింది తలుపు తెరిచి ఉంచండి. బొగ్గుకు గాలి కింది నుంచి అందాలి, కట్టెలకు అలవాటుపడిన చెయ్యి ఇక్కడే తడబడుతుంది. ఎండిన పత్తి కట్టె గాని కంది కట్టె గాని గుప్పెడు విరిచి అంటించి, మంట నిలిచాక పిడికెడు బొగ్గు వేయండి. అవి ఎర్రబడ్డాకే మిగతావి. కిరోసిన్ వద్దు. పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. నిప్పు కుదిరాక తలుపు కొంచెం మూస్తే నిదానంగా, ఎక్కువసేపు కాలుతుంది.

బోరు నీళ్ల సుద్ద బాయిలర్ లోపల పొరలా పడితే బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది, అప్పుడప్పుడు శుభ్రం చేయించండి. మిగిలిన నిప్పులను పటకారుతో ఇనుప డబ్బాలో వేసి, ఆరుబయటే గట్టిగా మూత పెడితే గాలి అందక ఆరిపోతాయి. ఆ బొగ్గు మర్నాటికి పనికొస్తుంది.

కుంపటి విషయంలో

కట్టె పొగకు కళ్లు మండి మనిషే బయటికి వస్తాడు. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. నివురు గప్పిన నిప్పు ఆరినట్లు కనిపిస్తుంది గాని, ఆ వాయువును వదులుతూనే ఉంటుంది. అందుకే కుంపటిని వాకిట్లోనో, తెరిచి ఉన్న వసారాలోనో వాడండి. తలుపులు మూసిన గదిలోకి ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు.

బాలింత మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పెద్దలు ప్రేమతోనే పెడతారు, కానీ తల్లికీ పసిబిడ్డకూ అంతకంటే అపాయకరమైనది లేదు. దయచేసి మాన్పించండి. దుప్పట్లు, ఉన్ని బట్టలు చాలు. ముసలివారికైతే బాయిలర్ వేడినీళ్లు రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టవచ్చు.

బొగ్గు నిప్పు దగ్గర కూర్చున్నవారికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే చలి వల్ల అనుకోకండి. వెంటనే మనిషిని ఆరుబయటికి తీసుకువెళ్లి 108కు ఫోను చేయండి. నిప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు.