వీసా రిజెక్ట్ అయినవాళ్లు స్టూడెంట్ వీసాకు మళ్లీ ఎలా అప్లై చేయాలి?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర పదేళ్లకు పైగా వీసా ఫారాలు నింపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంకెక్కడో చెడగొట్టుకుని వచ్చినవాళ్లే. దేవరకొండ పిల్లగాడికి కెనడా రాలేదు. కల్వకుర్తి అమ్మాయిని అమెరికా ఎయిర్‌పోర్టు నుంచే తిప్పి పంపారు. నారాయణపేట అతన్ని దుబాయి వాళ్లు వెళ్లగొట్టారు. అందరి నోటా ఒకటే మాట: "అన్నా, గా పాత రిజెక్టు చూపియ్యకుంటే నడవదా?"

నడవదు.

ముందు కాగితాలు. పాత పాస్‌పోర్టు, రిఫ్యూజల్ లెటర్, ఎయిర్‌పోర్టులో చేతికిచ్చినవి, అప్పట్లో నింపిన ఫారం కాపీ. అన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరసలో. ప్లాస్టిక్ కవర్లు వద్దు, తీసి పెట్టేసరికి పొద్దు పోతుంది.

తర్వాత అసలేం జరిగిందో తేల్చుకోవాలి. మనవాళ్లకు అన్నీ "రిజెక్టే". అమెరికా కాన్సులేట్‌లో 214(బి) సెక్షన్ కింద, అంటే చదువయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదని, చేతిలో పెట్టిన కాగితం నిషేధం కాదు. మళ్లీ అప్లై చేసుకోవచ్చు, కానీ మీ పరిస్థితిలో ఏమీ మారకపోతే మళ్లీ అదే కాగితం వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కొచ్చినవాళ్లు ఫారం నంబరు చూసుకోండి. ఐ-275 అయితే దేశంలోకి రావాలన్న అర్జీని మీరే వెనక్కి తీసుకున్నట్టు. ఐ-860 అయితే వాళ్లే పంపేసినట్టు, మామూలుగా 5 ఏళ్లు గుమ్మం తొక్కనివ్వరు. కెనడాదైతే, రిఫ్యూజల్ లెటర్‌తో పాటే రాకపోతే, అక్కడున్న తెలిసినవాళ్లకు సమ్మతి పత్రం ఇచ్చి, 5 డాలర్లు కట్టించి, అధికారి రాసుకున్న నోట్స్ తెప్పించుకోవాలి. అవి చదవకుండా రెండోసారి పోతానంటే నేను ఫారం ముట్టుకోను.

ఇప్పుడొస్తుంది అసలు గండం. బ్రిటన్, కెనడా ఫారాల్లో ఒక ప్రశ్న ఉంటుంది: మా దేశంగానీ, మరే దేశంగానీ మీకు వీసా కాదందా, లోపలికి రానివ్వలేదా, వెళ్లిపొమ్మందా? ఆ "మరే దేశంగానీ" దగ్గరే మునుగుతారు. పాత పాస్‌పోర్టు మీదిదైనా, టూరిస్టు వీసాదైనా, గల్ఫ్‌దైనా "అవును" అనే పెట్టాలి. అమెరికా వీసా ఫారం డీఎస్-160 మాత్రం వీసా నిరాకరణ సంగతి తన వరకే అడుగుతుంది. అడగనిది రాయక్కర్లేదు. ఇంటర్వ్యూలో నోటితో అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాత మరక పోతుందని ఎవరో పుట్టించారు. మన పాస్‌పోర్టు చివరి పేజీలోనే పాత నంబరు అచ్చేసి ఉంటుంది, ఇక దాచేదేముంది? వేలిముద్రలు ఎలాగూ మారవు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐదూ ఈ సమాచారం ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. దాచి దొరికితే కెనడాలో 5 ఏళ్లు, బ్రిటన్‌లో 10 ఏళ్లు, ఆస్ట్రేలియాలో 3 ఏళ్లు పోతాయి. అమెరికాలోనైతే మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం. పాత రిఫ్యూజల్ చూపించి, కొత్త వీసా తెచ్చుకున్నవాళ్లను నేను ఎందరినో చూశాను. దాచి గట్టెక్కినవాళ్లు కూడా ఉన్నారనే అంటారు, ఒక్కరు కూడా నా ముందుకొచ్చి కూర్చోలేదు.

ఇంకో మాట. "నో" అని పెట్టేది కన్సల్టెన్సీలో కూర్చున్న కుర్రాడు, దొంగయ్యేది మీరు. సబ్మిట్ బటన్ మీ వేలితో మీరే నొక్కండి, అదీ ప్రతి పేజీ చదివాకే.

"అవును" పెట్టాక సంజాయిషీ రాయాలి. ముందు తెలుగులో, పొడుగు నోటుబుక్కులో, పెన్నుతో. మీ అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అర్థమైతేనే ఇంగ్లీషులోకి మార్చండి. తేదీ, జరిగింది, ఆ తర్వాత మారింది: ఒక్క పేజీ దాటొద్దు. అధికారిని తిట్టొద్దు, ఏజెంటు మీదికి నెట్టొద్దు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్, అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, అందులో చిక్కింది ఎక్కువగా మన తెలుగు పిల్లలే. అలాంటి పేరు బయోడేటాలోంచి కొట్టేసినా సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల మీద అమెరికా ప్రభుత్వం పెట్టుకున్న రికార్డులో, ఉంటుంది. ఎప్పుడు చేరారు, ఎలా బయటికొచ్చారు, రెండు వాక్యాల్లో రాసేయండి.

ఈ చదువే ఎందుకో చెప్పాలని అమీర్‌పేటలో డబ్బులిచ్చి రాయించుకునే మూడు పేజీల కథలు నాకు పడవు. ఒకే మండలం నుంచి ఇద్దరు వచ్చారు, ఇద్దరికీ "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణం". అందులో ఒకరు వెళ్తున్నది ఫార్మసీకి.

మిగతాదంతా సులువే. బ్రిటన్‌కు డబ్బు 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి, టీబీ పరీక్ష చేయించాలి. అమెరికాకు సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి ఇంటర్వ్యూ స్లాట్ చూసుకోవాలి. అప్పు తెచ్చి చూపించిన బ్యాలెన్సు మాత్రం నా దగ్గరికి తేవద్దు.

సబ్మిట్ అయ్యాక నింపిన ఫారం పీడీఎఫ్ దింపుకుని మీ మెయిల్‌కు మీరే పంపుకోండి, ఒక ప్రింటు ఇంట్లో బియ్యం కార్డు పక్కన పెట్టించండి. రేపు ఇంకో ఫారం నింపేటప్పుడు అధికారి దీన్ని పక్కన పెట్టుకునే చూస్తాడు. అప్పుడు ఏం రాశారో మీకూ గుర్తుండాలి కదా.