టీషర్టు మీది సిలికాన్ ప్రింట్ ఊడదీసిన తీరు – నా అనుభవం

నల్లగొండలో మా గల్లీ కబడ్డీ జట్టు టీషర్టుల మీద ఊరి పేరు తప్పు పడి వచ్చింది. ముట్టుకుంటే రబ్బరులా ఉబ్బెత్తుగా ఉండే, వేడితో అతికించిన సిలికాన్ అక్షరాలు. వేడినీళ్లు, సర్ఫ్‌లో నానబెట్టడం, నెయిల్ పాలిష్ రిమూవర్, బ్లేడుతో గీకడం, ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతేంటంటే, సిలికాన్ ఇస్త్రీ వేడికి కరగదు. మెత్తబడేది దాని కింద ఉన్న జిగురు పొర. కాబట్టి వేడి వెనకనుంచి తగలాలి.

టీషర్టును లోపలి వైపు బయటికి తిప్పి, మధ్యలో అట్ట పెట్టాను. ప్రింట్ వెనక పల్చటి నూలు గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా, తక్కువ వేడితో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాను. ఇస్త్రీ పెట్టెను 15–20 సెకన్లు అదిమి పట్టి, తీయగానే టీషర్టు మలిచి, అక్షరం అంచును కనుబొమ్మల ప్లకర్‌తో లేపాను. పైకి గుంజితే బట్ట సాగుతుంది. బట్టకు ఆనించి పక్కకు లాగితే పొరలాగా వస్తుంది. చల్లారితే మళ్లీ పట్టేస్తుంది, అప్పుడు లాగొద్దు, మళ్లీ వేడి చేయాలి. టెన్షన్ పడకుండా ఒక్కో అక్షరమే తీయండి.

మిగిలిన జిగురు మీద ఖాకీ కాగితం వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు కాగితానికి అంటుకుంది.

మావి కాటన్ కలిసిన బట్టలు. పూర్తి పాలిస్టర్ అయితే మెరుపు మచ్చ పడొచ్చు, ముందు లోపలి అంచు మీద చూసుకోండి. నేరుగా బట్ట మీదే అచ్చు వేసిన సిలికాన్‌కు జిగురు పొర ఉండదు, దానికి ఈ పద్ధతి పనికిరాదు. మా వాటి మీద కూడా వెలుగులో చూస్తే అక్షరాల జాడ లీలగా కనిపిస్తుంది.